కాంటాక్ట్ లెన్సులో నీటి శాతం: 38, 58, 78లో ఏది ఎవరికి?

కాంటాక్ట్ లెన్సుల పెట్టె పక్కన పవరు, బేస్ కర్వ్ (లెన్సు వంపు) అంకెలతో పాటు నీటి శాతం అని ఇంకో అంకె ఉంటుంది. కొన్నింటి మీద 38, కొన్నింటి మీద 58, మరికొన్నింటి మీద 78. కళ్ళు పొడిబారుతున్నాయని బాధపడేవాళ్ళు సహజంగానే పెద్ద అంకె ఉన్న పెట్టె అడుగుతారు. దుకాణంలో కూడా చాలామంది అదే చేతిలో పెడతారు. అయితే లెన్సు తనలోని నీటిని కంటికి ఇవ్వదు. ఆరిపోతున్నప్పుడు కంటి నుంచే తీసుకుంటుంది. అందుకే ఎంత నీరు ఉందన్న అంకె ఒక్కటే చూసి కొంటే, పొడి కళ్ళవాళ్ళకు సాయంత్రానికి మంట పెరగవచ్చు. ఆ నీటిని లెన్సు ఎలా పట్టుకుంటోంది, ఎంత గట్టిగా పట్టుకుంటోంది అన్నది చూసుకుని ఎంచుకోవాలి. ఆ చూసుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నీరు లోపల ఎలా నిలుస్తుంది

మెత్తటి లెన్సుల కథ చెకోస్లొవేకియాలో మొదలైంది. ఒట్టో విక్టర్లే, ద్రహోస్లావ్ లీమ్ అనే రసాయన శాస్త్రవేత్తలు హెమా అనే చిన్న అణువులను గొలుసులుగా కలిపి, ఆ గొలుసులను అక్కడక్కడా ముడివేసి ఒక జెల్ చేశారు. దాని గురించి 1960లో నేచర్ పత్రికలో రాశారు. 1961 క్రిస్మస్ రోజుల్లో విక్టర్లే ఇంట్లోనే, పిల్లల ఆటసామాను ముక్కలతో బిగించిన యంత్రాన్ని సైకిల్ డైనమోతో తిప్పి, మొదటి లెన్సులు పోత పోశాడు. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతితో 1971లో బాష్ అండ్ లాంబ్ అనే కంపెనీ అమ్మకానికి తెచ్చింది ఈ పదార్థాన్నే. ఇప్పటికీ పెట్టెల మీద పాలీమాకాన్ అనే పేరుతో కనిపిస్తుంది.

పొడిగా ఉన్నప్పుడు ఈ జెల్ గాజులా గట్టిగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. సెలైన్‌లో వేస్తే నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి, మెత్తబడి, తేటపడుతుంది. గొలుసుల మీద ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు నీటి అణువులను పట్టుకుంటాయి. నీరు చేరేకొద్దీ గొలుసులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ముడులు మాత్రం ఇంకా ఎక్కువ దూరం పోనివ్వవు. నీటిని లాగే శక్తి, ముడులు వెనక్కి లాగే శక్తి సమానమైన చోట ఉబ్బడం ఆగుతుంది. పాలీమాకాన్‌కు అది మొత్తం బరువులో 38 శాతం నీటి దగ్గర కుదురుకుంటుంది.

ఆ 38 శాతంలో ఉన్న నీరంతా ఒకే తీరుగా ఉండదు. గొలుసులకు అంటుకుని ఉన్న నీరు సున్నా డిగ్రీల కన్నా ఎంతో కిందికి చల్లార్చినా గడ్డకట్టదు. అది జెల్‌కు కట్టుబడిన నీరు. మధ్య ఖాళీల్లో ఉన్న నీరు మామూలు నీటిలాగే గడ్డకడుతుంది, మామూలు నీటిలాగే ఆవిరైపోతుంది.

అంకె పెంచాలంటే తయారీదారులకు రెండు దార్లున్నాయి. మెథాక్రిలిక్ ఆమ్లం కలిపితే గొలుసుల మీద రుణావేశం చేరుతుంది. ఆ ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీటిని ఇంకా లోపలికి లాగుతాయి. 58 శాతం నీరుండే ఎటాఫిల్కాన్ ఎ ఇలాంటిదే. ఆక్యువ్యూ మాయిస్ట్‌లో ఉండేది ఇదే. రెండో దారిలో ఎన్‌-వినైల్ పైరోలిడోన్ లాంటివి కలిపి, ఆవేశం లేకుండానే 60, 70 శాతం దాటిస్తారు. రెండింట్లోనూ అదనంగా చేరిన నీటిలో ఎక్కువ భాగం ఖాళీల్లో వదులుగా ఉండేదే. ముందుగా ఎగిరిపోయేదీ అదే.

ఆరు గంటలు ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని ఊహించుకోండి. తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువసార్లు కొడతాం. గది గాలిలో తేమ తక్కువ. లెన్సు ముందు వైపు నుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి లెన్సు వెనక ఉన్న కన్నీటి పొర నుంచి నీటిని పీలుస్తుంది. నీటి శాతం ఎక్కువై, పైగా పల్చగా ఉన్న లెన్సుల్లో ఇది కార్నియా (నల్లగుడ్డు మీది తేట పొర) పైపొర ఎండి మచ్చలు మచ్చలుగా దెబ్బతినేంత వరకూ పోతుంది. రంగు చుక్క వేసి నీలి వెలుగులో చూస్తే ఆ మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. తడి కోసం ఎంచుకున్న లెన్సే కంటిని ఎండబెడుతోందన్నమాట.

అయితే అంకె పెంచడం ఎందుకు

ఊపిరి కోసం. కార్నియాలో రక్తనాళాలు లేవు. మెలకువగా ఉన్నంతసేపూ అది గాలిలోని ఆక్సిజన్‌ను కన్నీటి ద్వారా తీసుకుంటుంది. మామూలు హైడ్రోజెల్ (పైన చెప్పిన నీరు పీల్చే జెల్) లెన్సులో ఆక్సిజన్‌కు దారి నీరే. గొలుసుల గుండా దాదాపుగా పోదు, నీటిలో కరిగి పోవాలి. అందుకని నీరు పెరిగితే ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. పదార్థం గుండా ఆక్సిజన్ ఎంత సులువుగా సాగుతుందో చెప్పే డీకే అనే కొలతలో చూస్తే 38 శాతం లెన్సుకు సుమారు 8, 58 శాతానికి 17 నుంచి 20 మధ్య, 70 శాతానికి 27 దగ్గర వస్తుంది. నూటికి నూరు శాతం నీళ్ళే అయినా 80, 90 మధ్య ఆగిపోతుంది. నీటి మీద మాత్రమే ఆధారపడితే ఈ గోడ దాటలేం.

కంటికి చేరేది డీకే ఒక్కటే కాదు, దాన్ని మందంతో భాగిస్తే వచ్చే అంకె. 1984లో హోల్డెన్, మెర్ట్జ్ చేసిన పరిశోధన ప్రకారం పగలు మాత్రమే పెట్టుకునేవాళ్ళకు ఆ అంకె కనీసం 24 ఉండాలి, రాత్రి నిద్రలోనూ ఉంచుకుంటే 87. పల్చటి 38 శాతం లెన్సుకు అది 13 దగ్గరే ఉంటుంది. మైనస్ పవర్ లెన్సు మధ్యలో పల్చన, అంచుల్లో మందం. పెట్టె మీద ఇచ్చే అంకె సాధారణంగా మైనస్ 3 పవర్‌కు, అదీ లెన్సు మధ్యభాగానికి లెక్కకట్టింది. మైనస్ 8 ఉన్న మనిషికి అంచుల దగ్గర దక్కేది దానికన్నా బాగా తక్కువ. ఏళ్ళ తరబడి ఆక్సిజన్ చాలని కళ్ళలో నల్లగుడ్డు అంచు నుంచి సన్నని రక్తనాళాలు లోపలికి పాకడం కనిపిస్తుంది. ఎక్కువ పవర్ ఉండి, రోజంతా లెన్సులతో ఉండేవాళ్ళు పాత హైడ్రోజెల్‌ను, అది ఏ శాతం నీటిదైనా సరే, వదిలేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

సిలికోన్ వచ్చాక లెక్క తిరగబడింది

సిలికోన్ గుండా ఆక్సిజన్ నీటిలోకన్నా ఎంతో సులువుగా సాగిపోతుంది. కానీ ఉత్త సిలికోన్ రబ్బరుతో చేసిన లెన్సులు కంటికి అతుక్కుపోయేవి. నీరు, లవణాలు వాటి గుండా దాటవు కాబట్టి లెన్సు కింద కదలడానికి వీలైన తడి పొర నిలవదు. ఆ చిక్కును 1999లో బజారుకొచ్చిన సిలికోన్ హైడ్రోజెల్స్ విప్పాయి. వీటిలో రెండు దార్లు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి. సిలికోన్ దారిలో ఆక్సిజన్, నీటి దారిలో తడి, లవణాలు. నీరు ఇక ఊపిరి మోయనక్కర్లేదు, లెన్సును కదిలేలా, మెత్తగా ఉంచితే చాలు.

దాంతో నీటి అంకె అర్థమే మారిపోయింది. తొలి తరపు లోట్రాఫిల్కాన్ ఎ లో నీరు 24 శాతమే, డీకే 140. ఎయిర్ ఆప్టిక్స్‌లో వాడే లోట్రాఫిల్కాన్ బి లో నీరు 33, డీకే 110. ఆక్యువ్యూ ఒయాసిస్‌లోని సెనోఫిల్కాన్ ఎ లో నీరు 38, డీకే 103. ఇక్కడ నీరు పెరిగేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతోంది చూడండి, మామూలు హైడ్రోజెల్స్‌కు పూర్తిగా తలకిందులు. బయోఫినిటీలోని కాంఫిల్కాన్ ఎ మాత్రం ఈ వరసలో ఇమడదు. నీరు 48 శాతం ఉన్నా డీకే 128. పొడవాటి సిలికోన్ గొలుసులు వాడి తక్కువ సిలికోన్‌తోనే పని జరిపించడం దాని కిటుకు.

పాలీమాకాన్ 38, సెనోఫిల్కాన్ 38. పెట్టె మీద అంకె ఒకటే, ఆక్సిజన్‌లో తేడా పన్నెండు రెట్లకు పైనే. నీటి శాతం చూసి పోల్చడం ఎంత మోసపుచ్చుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అందుకే పెట్టె చేతికి రాగానే ముందు పదార్థం పేరు చూడండి. మెత్తటి లెన్సుల పేర్లు ఫిల్కాన్ అని ముగుస్తాయి (పాలీమాకాన్ లాంటి పాత పేర్లు మినహాయింపు). అది హైడ్రోజెల్లా, సిలికోన్ హైడ్రోజెల్లా అని అడగండి. ఆ జవాబు వచ్చాకే నీటి శాతానికి అర్థం ఉంటుంది.

సిలికోన్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. అది స్వభావరీత్యా నీటిని తోసేస్తుంది, నూనెను పిలుస్తుంది. ఉపరితలాన్ని అలాగే వదిలేస్తే కన్నీరు దాని మీద పరుచుకోదు. కొందరు ప్లాస్మాతో (విద్యుదావేశం ఉన్న వాయువుతో) పల్చటి పూత వేశారు, కొందరు పీవీపీ అనే నీటి మోజున్న పాలిమర్‌ను జెల్‌లోనే కలిపేశారు. తొలి తరం లెన్సులు గట్టిగా కూడా ఉండేవి. వాటి రాపిడికి పైరెప్ప లోపలి వైపు గుల్లలు లేచినవాళ్ళు ఉన్నారు. తర్వాతి తరాలు బాగా మెత్తబడ్డాయి. అప్పట్లో సిలికోన్ పడక మానేసినవాళ్ళు ఇప్పుడు ఇంకోసారి ప్రయత్నించవచ్చు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ముచ్చటగా అనిపించేది డైలీస్ టోటల్ వన్‌లో వాడే డెలెఫిల్కాన్ ఎ. లోపలి భాగంలో నీరు 33 శాతం. పైకి వచ్చేకొద్దీ పెరుగుతూ ఉపరితలం దగ్గర 80 దాటుతుంది. ఆక్సిజన్ పని లోపలి సిలికోన్‌ది, రెప్పతో రాసుకునే పని పైనున్న నీటి జెల్‌ది. నీరు ఎక్కడ అవసరమో అక్కడే ఉంచారు. ఖరీదు ఎక్కువ, అదొక్కటే అడ్డంకి.

ఇంకో వైపు సిలికోన్ లేకుండానే నీటిని గట్టిగా పట్టుకునే ప్రయత్నాలూ జరిగాయి. ప్రోక్లియర్‌లోని ఒమాఫిల్కాన్‌లో ఫాస్ఫోరిల్‌కోలిన్ అనే గుంపులున్నాయి. మన కణాల పొరల మీద ఉండేవి కూడా ఇవే. నీరు 60 శాతం పైనే ఉన్నా, తన చుట్టూ ఉన్న నీటిని బలంగా పట్టుకోవడం వల్ల కంటి మీద ఎండిపోవడం తక్కువ. బయోట్రూ వన్‌డేలోని నెసోఫిల్కాన్‌లో 78 శాతం నీరు, దాదాపు కార్నియాలో ఉన్నంత. దాని పైపొరను నీరు త్వరగా ఎగిరిపోకుండా తీర్చారు. అంటే పెద్ద అంకె ఉన్నవన్నీ చెడ్డవని కాదు. నీటిని పట్టి ఉంచే ఏర్పాటు లేని పెద్ద అంకెతోనే జాగ్రత్త.

ఎవరికి ఏది

ఏసీ ఆఫీసులో రోజూ ఎనిమిది, పది గంటలు పెట్టుకుని సాయంత్రానికి కళ్ళు గరగరలాడేవాళ్ళకు నా మొదటి సలహా తక్కువ నుంచి మధ్యస్థ నీటి శాతం ఉన్న కొత్త తరం సిలికోన్ హైడ్రోజెల్. వీలైతే రోజువారీవి. సిలికోన్ పడకపోతే ఒమాఫిల్కాన్. బైక్ మీద రోజూ దూరం పోయేవాళ్ళు ఏ లెన్సు పెట్టుకున్నా హెల్మెట్ అద్దం దించుకోవాలి. ఎదురుగాలి ముందు ఏ పాలిమరూ నీటిని ఆపలేదు. ఎండాకాలం తెలంగాణ పొడి గాలిలో ఇబ్బంది పెట్టిన లెన్సే విశాఖలో తేమ గాలికి హాయిగా అనిపించడం మామూలే. ఊరు మారాక కళ్ళు మంట పుడితే లెన్సు చెడిందనుకోకుండా ముందు గాలిని అనుమానించండి.

పెళ్ళికో, ఆటకో అప్పుడప్పుడూ మాత్రమే పెట్టుకునేవాళ్ళు ఆక్సిజన్ అంకెల కోసం అంత తపన పడక్కర్లేదు. ఎటాఫిల్కాన్, నెసోఫిల్కాన్ లాంటి రోజువారీ హైడ్రోజెల్స్ మెత్తగా ఉంటాయి, ధరా తక్కువే. ఎటాఫిల్కాన్ మీది రుణావేశం కన్నీటిలోని లైసోజైమ్ అనే ప్రోటీన్‌ను విపరీతంగా లాగుతుంది. నెలంతా వాడే లెన్సుకు అది బెడద, సాయంత్రం పారేసేదానికి కాదు. నెల లెన్సు కొని వారానికోసారి పెట్టుకుంటే ఏడు నెలలు వస్తుందని లెక్క వేసుకునేవాళ్ళున్నారు. అలా రాదు. మూత తీసిన రోజు నుంచి నెలే దాని ఆయుష్షు.

కాటుక పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. కాటుకలోని నూనె సిలికోన్ లెన్సుల్లోకి చేరితే చూపు మసకబారుతుంది, కడిగినా పూర్తిగా పోదు. లెన్సు ముందు, కాటుక తర్వాత, అదీ రెప్ప వెంట్రుకల బయట వైపే.

రంగు లెన్సుల విషయంలో కాస్త గట్టిగానే చెప్పాలి. వీటిలో చాలావరకు పాత హెమా రకం హైడ్రోజెల్సే, రంగు పొర వల్ల మందం కూడా ఎక్కువ. అంటే ఆక్సిజన్ అందరికన్నా తక్కువ దక్కేది వీటికే. కొలత లేకుండా, పరీక్ష లేకుండా బ్యూటీ పార్లర్‌లో తీసుకుని, పెళ్ళి రోజు తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా పెళ్ళికూతురి కళ్ళలో ఉంచడం ప్రమాదం. ఒకరు పెట్టుకున్నవి ఇంకొకరు పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. రంగు కావాలంటే కంటి కొలత తీయించుకుని, సిలికోన్ హైడ్రోజెల్‌తో చేసిన రంగు లెన్సు అడిగి, నాలుగైదు గంటల్లో తీసేయండి.

కార్నియా శంకువులా ముందుకు సాగే కెరటోకోనస్ ఉన్నవాళ్ళకు మెత్తటి లెన్సు చూపు సరిచేయడం కష్టం, గట్టి లెన్సులు కావాలి. వీటిలో నీరు ఒక శాతం లోపే. ఆక్సిజన్ అంతా ఫ్లోరిన్, సిలికోన్ కలిసిన పాలిమర్ గుండానే పోతుంది. వీటిలోనే పెద్దవి స్క్లీరల్ లెన్సులు. నల్లగుడ్డును తాకకుండా తెల్లగుడ్డు మీద ఆనుకుంటాయి, మధ్యలో ఖాళీని ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో నింపి పెట్టుకుంటారు. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ లాంటి జబ్బుల తర్వాత కన్నీరు దాదాపు ఎండిపోయినవాళ్ళకు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఇలాంటివి అమరుస్తారు. తీవ్రంగా పొడిబారిన కంటిని రోజంతా తడిగా ఉంచే లెన్సు తనలో నీటిని పీల్చుకునే రకమే కాకపోవడం గమనించండి. అది నీటిని తన వెనక నిలబెడుతుంది.

లెన్సులతో నిద్రపోవడానికి అనుమతి ఉన్న రకాలు కొన్ని ఉన్నాయి. అయినా నేను ఎవరికీ సలహా ఇవ్వను. సిలికోన్ హైడ్రోజెల్స్ వచ్చాక ఆక్సిజన్ కరువు తీరింది గానీ ఇన్ఫెక్షన్లు తగ్గలేదని 2008లో వచ్చిన పెద్ద అధ్యయనాలు తేల్చాయి. రాత్రి ఉంచుకుంటే ఆ ముప్పు పగటి వాడకంకన్నా ఎన్నో రెట్లు.

నీటితో పాటు లోపలికి వచ్చేవి

నీటిని పీల్చే పదార్థం నీటిలో కరిగినవాటిని కూడా పీలుస్తుంది. చాలా కంటి చుక్కల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ ఉంటుంది. లెన్సు మీద ఆ చుక్క వేస్తే జెల్ దాన్ని దాచుకుని గంటల తరబడి కార్నియా మీదికి వదులుతూ ఉంటుంది. మందు చుక్కలు వేసుకుంటే లెన్సు తీసి వేసుకోండి, కనీసం పావుగంట ఆగి పెట్టుకోండి. లెన్సు మీదే వేసుకోవాలంటే ప్రిజర్వేటివ్ లేని, లెన్సులతో వాడవచ్చని రాసి ఉన్న చుక్కలే తీసుకోండి.

కుళాయి నీరు, బోరు నీరు, మినరల్ వాటర్, ఏదీ లెన్సుకు తగలకూడదు. సెలైన్‌లో ఉప్పు కన్నీటితో సమానంగా ఉంటుంది. మంచినీటిలో ఆ ఉప్పు ఉండదు కాబట్టి మెత్తటి లెన్సు ఉబ్బి, ఆకారం మారి, కంటికి బిగుసుకుపోతుంది. దానికన్నా భయపడాల్సింది ఆ నీటిలో ఉండగల అకాంతమీబా అనే సూక్ష్మజీవికి. అది తెచ్చే కార్నియా పుండు నెలల తరబడి వైద్యానికి కూడా లొంగకుండా చూపు తీసేయగలదు. స్నానం, ఈత, పుష్కర స్నానం, దేనికైనా లెన్సులు తీసే వెళ్ళాలి. చేతులు కడుక్కున్నాక పొడి గుడ్డతో తుడుచుకునే లెన్సు ముట్టుకోండి.

నేల మీద పడి ఎండి, పెళుసుబారిన లెన్సు సొల్యూషన్‌లో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. మెత్తబడినా కంట్లో పెట్టుకోకండి. ఎండినప్పుడు పడ్డ సన్నని పగుళ్ళు కంటికి కనిపించవు, అంటిన దుమ్ము పోదు.

కొనేముందు

పైన చెప్పిన పదార్థాల్లో మీకు సరిపడేవి రెండు అనుకున్నాక, రెండింటికీ ట్రయల్ లెన్సులు అడగండి. చాలాచోట్ల ఇస్తారు. పెట్టుకున్న పది నిమిషాల్లో అన్నీ బాగానే ఉంటాయి, దాన్ని బట్టి తేల్చుకోకండి. మీ మామూలు పనిదినం ఒకటి పూర్తిగా గడపండి, సాయంత్రం ఆరింటికి ఎలా ఉందో చూసుకోండి. రెప్ప కొట్టగానే చూపు తేటపడి, మళ్ళీ రెండు మూడు క్షణాల్లో మసకబారుతుంటే లెన్సు పైపొర ఆరిపోతోందని అర్థం. తీసేటప్పుడు కంటికి అంటుకుపోయినట్టు అనిపిస్తే అది ఎండి బిగుసుకుందని. బలవంతంగా లాగకుండా సెలైన్ చుక్కలు వేసి, లెన్సు కదిలాక తీయండి. తీశాక కూడా ఎరుపు, నొప్పి, వెలుగు చూడలేకపోవడం ఉంటే ఇంకో లెన్సు వెతక్కండి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆ లెన్సులను, డబ్బాను పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, ఇన్ఫెక్షన్ ఏదో తేల్చడానికి వాటినీ పరీక్షిస్తారు.